ఇత్తడి వేలికి సరిపడే టూలు

అరిగిపోయిన బొటనవేళ్ళ స్థానంలో ఇత్తడి వేళ్ళను ఎవరికి వారు ఇంట్లోనే, కడ్డీని గిర్రున తిప్పే లేత్ మీద చెక్కుకోవాలన్న ఉత్తర్వు వచ్చిన వారానికి కాసులమ్మ ఇంటికి కూడా లేత్ వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని రిక్షా మీంచి దించి, వసారాలో రుబ్బురోలు పక్కన పెట్టి, ఆమె చేత సంతకం చేయించుకుని వెళ్ళిపోయారు. వేలిముద్ర అడగలేదు. వేలిముద్ర ఉన్న ఇంటికి లేత్ రాదని వాళ్ళకు తెలుసు.

ఉత్తర్వు కొత్తదేమీ కాదు, పొరుగు జిల్లాల్లో ఎప్పటి నుంచో అమల్లో ఉంది. అంట్లు తోమి, పిండి రుబ్బి, గీతలన్నీ పోగొట్టుకున్న ముసలివాళ్ళను బియ్యం డిపోలో మిషను గుర్తుపట్టడం మానేసింది. మిషనుది తప్పనడానికి నిబంధనలు ఒప్పుకోవు గనుక తప్పు వేలిదని తేల్చారు. అరిగిన వేలు సీసా మూతలా తిప్పితే ఊడి వస్తుంది, నొప్పి ఉండదు. దాన్ని వార్డు కార్యాలయంలో అప్పగించి ఇత్తడిది బిగించుకోవాలి. లేత్ మీద తిరిగే కడ్డీ చివర గీతలు గుండ్రంగానే పడతాయి కాబట్టి ఊళ్ళో ముసలివాళ్ళందరి వేళ్ళకూ చక్రాలే వచ్చాయి. మాకు పుట్టుకతో శంఖం ఉండేది, శంఖమే కావాలన్న వాళ్ళ అర్జీలు పరిశీలనలో ఉన్నాయి.

కాసులమ్మ, నాగరత్నం ఒకే మగవాడికి భార్యలు. ఆ మగవాడు సూరన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఉన్నప్పుడు మొదలైన పోట్లాట ఆయన పోయాక కూడా ఆగలేదు, ఎందుకంటే పోట్లాడుకోవడానికి ఇద్దరికీ ఇంకెవరూ మిగల్లేదు. కార్డు ఒకటే, పొయ్యి ఒకటే. నెలాఖరులోగా వేలు నమోదు చేయించుకోని మనిషి ఆ ఇంటి నుంచి విడిపోయినట్టు లెక్క. అలా విడిపోయిన వాళ్ళను ప్రభుత్వం వీధిన పడేయదు, మనుషులు తక్కువైన ఇళ్ళకు సర్దుతుంది. ఎగువ మండలంలో ఒక ఇంట్లో నాయనమ్మ స్థానం ఖాళీగా ఉందని, పిల్లలు బుద్ధిమంతులని, పడమటి గది ఇస్తారని కార్యాలయం ముందుగానే తెలియజేసింది.

ఆ కబురు విన్నప్పటి నుంచి కాసులమ్మకు ముద్ద దిగడం లేదు. తల్లిని సాగనంపింది, చెల్లెళ్ళను సాగనంపింది, సూరన్నను సాగనంపింది. గుమ్మంలో నిలబడి, పోయేవాళ్ళు మలుపు తిరిగేదాకా చూడడం ఆమెకు బాగా వచ్చిన పని. ఆ పని ఇంకోసారి చేసే ఓపిక మాత్రం ఆమెకు లేదు.

లేత్ ఉచితం, ఇత్తడి కడ్డీలు ఉచితం. కోసే టూలు మాత్రం ఎవరిది వారు కొనుక్కోవాలి. ఒక మనిషికి ఒక టూలు. లేత్‌తో వచ్చిన కరపత్రాన్ని కాసులమ్మ వసారాలో కూర్చుని మళ్ళీ మళ్ళీ చదివింది. టూలు ఎంపిక లబ్ధిదారుల ఇష్టానికి వదిలిపెట్టడమైనదని, పర్యవసానాలు కూడా వారికే వదిలిపెట్టడమైనదని అందులో ఉంది.

మర్నాడు ఇద్దరూ పోతురాజు ఇనపకొట్టుకు వెళ్ళారు.

“ఏం కావాలి మామ్మలూ?” అన్నాడు పోతురాజు.

“బొటనవేలు తిప్పుకునే టూలు బాబూ. మాకు కొత్త. ఏది మంచిదో నువ్వే చెప్పాలి,” అంది కాసులమ్మ.

“వేలు మీదా, ఆవిడదా?”

“ఇద్దరిదీ.”

అతను ఒక పెట్టె తెరిచాడు. లోపల ఉక్కు కాడలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కొసన బంగారు రంగు బిళ్ళ మరతో బిగించి ఉంది. పళ్ళు కట్టించుకున్న షావుకార్లు వరసగా కూర్చుని నవ్వుతున్నట్టుంది.

“కార్బైడ్ టిప్పులండి. సాన పట్టే బాధ లేదు. ఒక మొన మొద్దుబారితే మర వదులు చేసి ఇంకో మొన ముందుకి తిప్పుకోడమే. మీ వెనకవీధి మొత్తం ఇయ్యే పట్టుకెళ్ళారు.”

“మరి ఆ మూలనున్నవేంటి?”

“అయ్యా? హైస్పీడ్ స్టీలు ముక్కలండి. వాటికి మొన ఉండదు, మీరే సాన పట్టుకోవాలి. ఈ వయసులో మీకెందుకా గోల?”

“చెక్కని పెన్సిళ్ళు కూడా అమ్ముతావన్నమాట,” అంది నాగరత్నం. “బంగారందే ఇవ్వబ్బాయ్. ఆయనున్నన్నాళ్ళూ ఎలాగూ పెట్టలేదు.”

“నాకు పెట్టాడా ఏం?” అంది కాసులమ్మ.

“నీకు ముక్కుపుడక పెట్టాడు.”

“అది మా అమ్మది.”

“ఏమో. మెరిసింది నీ ముక్కునే.”

పోతురాజు పెట్టె మూత పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. వేళ్ళ కోసం వచ్చే వాళ్ళ గొడవలు వినడం ఇప్పుడు అతని వ్యాపారంలో భాగం.

బంగారు టిప్పు ఆ చిన్న లేత్‌కు పడలేదు. కార్బైడ్ బిళ్ళకు బరువైన యంత్రం కావాలి, వేగం కావాలి, కదలకుండా పట్టుకునే బిగువు కావాలి. వసారాలోని లేత్‌కు ఆ మూడూ లేవు. టిప్పు కడ్డీని తాకగానే యంత్రం జ్వరం వచ్చినట్టు వణికింది, కీచుమంది, ఆగిపోయింది. చూస్తే బిళ్ళ అంచు పెచ్చు లేచిపోయి ఉంది. యంత్రం కూడా తనలాగే భయస్థురాలని కాసులమ్మకు అనిపించింది.

ఇద్దరూ ఇంకో బిళ్ళ బిగించుకుంటూ ఉండగా వెనకవీధిలో చేపలమ్మే ఎర్రమ్మ గంపతో వచ్చింది.

“ఎర్రమ్మా, కొరమీనుందా?” అంది నాగరత్నం.

“ఎర్రమ్మ లేదమ్మా. నేను సింహాద్రి మేస్టార్ని,” అంటూ ఎర్రమ్మ గంప దించింది. “మా ఈధిలో అందరియ్యీ ఒకే ఫ్యాక్టరీ టిప్పులు కదా, ఎవులు తిప్పినా గీతలన్నీ ఒక్కలాగే పడ్డాయి. మిషను చూసేది టూలు మొన జాడనేనంట. ముందెళ్ళి మేస్టారు నొక్కేరు. తర్వాత ఎవులు నొక్కినా మేస్టారేనంది.”

“మరి బియ్యం?”

“మేస్టారి బియ్యం మేస్టారికొస్తన్నాయి. తలా గుప్పెడు పంచుకుంటన్నాం. మా ఆయనా మేస్టారే, మేస్టారి ఆడమనిషీ మేస్టారే. నిన్న ఆవిడ ఆయన్ని కేకలేత్తంటే ఈధిలో ఉన్నోళ్ళమంతా తలొంచుకున్నాం.”

ఒక్క చావు కూడా లేకుండా వృద్ధుల సంఖ్యను తగ్గించినందుకు వార్డుకు ప్రశంసాపత్రం వచ్చిందని కూడా ఎర్రమ్మ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం మాస్టారి గాంభీర్యం వినిపించింది.

ఎర్రమ్మ వెళ్ళాక కాసులమ్మ బంగారు టిప్పును విప్పేసింది. వీధి వీధంతా ఒక్క మనిషైతే మంచిదేనేమో, ఎవరూ ఎవరినీ విడిచి పోనక్కర్లేదు అని ముందు అనుకుంది. కాని అంత గుంపులో నాగరత్నం ఎక్కడుందో తనకెలా తెలుస్తుంది? ఎవరిని వెతకాలో తెలియని చోట తప్పిపోయినట్టు కూడా తెలియదు. ఆమె చెప్పులు వేసుకుని పోతురాజు కొట్టుకు వెళ్ళి చెక్కని పెన్సిళ్ళు రెండు తెచ్చింది.

నాగరత్నానికి కత్తిపీటలు సాన పట్టిన చేయి. తన ఉక్కు ముక్కను అద్దెకు తెచ్చిన సానరాయి మీద పెట్టి, వేడెక్కినప్పుడల్లా చెంబులో ముంచి, మొన తీసింది. మొదటిసారి కత్తికి తీసినట్టు పైభాగం వాలుగా తీసింది. అది ఇత్తడిలోకి ఎగబడి దిగిపోయింది. కడ్డీ లేత్ దవడల్లోంచి ఊడి, దొడ్లో కోళ్ళ గంప మీద పడింది.

“ఇది ఇనుం కాదక్కా,” అంది నాగరత్నం, కోళ్ళను అదిలించి కడ్డీ వెతుక్కొస్తూ. “ఇత్తడి మెత్తన. దీని దగ్గర అంత పొగరు పనికిరాదు.”

ఈసారి టూలు పైభాగం బల్లపరుపుగా ఉంచి, మొన మాత్రం సన్నగా తీసింది. మొన కడ్డీ నడిమికి సరిగ్గా ఎదురు రావడం లేదని, బిస్కెట్ల డబ్బా రేకు ముక్క కత్తిరించి టూలు కింద పెట్టింది. లేత్ వణకలేదు. ఇత్తడి రజను పసుపులా సన్నగా రాలింది. సాయంత్రానికి కడ్డీ కొస బొటనవేలంత గుండ్రంగా వచ్చి, దాని మీద గీతలు ఒకదానిలో ఒకటి ఒదిగి కూర్చున్నాయి. కాసులమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. నాగరత్నం నోరు ఎంత గరుకో వేలు అంత నున్నగా ఉంది.

కాసులమ్మ చేయి సానరాయి మీద నిలవలేదు. మొన తీయబోతే చదునైపోతుంది, చదును చేయబోతే వాలిపోతుంది. దిద్దగా దిద్దగా ఉక్కు ముక్క పట్టుకోవడానికి కూడా లేకుండా అరిగిపోయింది. నెలాఖరు మర్నాడే.

“నువ్వెళ్ళి నీ వేలు నొక్కేసి రా,” అంది కాసులమ్మ. “నేను నాయనమ్మగా వెళ్తాను. పిల్లలు బుద్ధిమంతులట కదా.”

“పడమటి గదిలో మధ్యాహ్నానికి ఉడికిపోతావు. ఒళ్ళంతా చెమటకాయలు నీకు.”

“అలవాటైపోద్దిలే.”

“నీకవుద్ది. నాకవదు,” అంది నాగరత్నం. ఇంకేమీ మాట్లాడకుండా రెండో కడ్డీని దవడల్లో బిగించి, తన టూలుతోనే తిప్పడం మొదలుపెట్టింది. ఒక మనిషికి ఒక టూలు అని కాసులమ్మ కరపత్రం చదివి వినిపించింది. లేత్ చప్పుడులో తనకు వినపడలేదని నాగరత్నం అంది. ఆ లేత్‌కు అసలు చప్పుడే లేదు.

వార్డు కార్యాలయంలో వేళ్ళ విభాగం చూసే భీమశంకరం మర్యాదస్థుడు. ఇద్దరి పాత వేళ్ళూ తనే తిప్పి ఊడదీసి, రేకు డబ్బాలో వేశాడు. కాసులమ్మ డబ్బాలోకి వంగి చూసింది. అన్నేళ్ళు తన చేతికే ఉన్న వేలు ఏదో పోల్చుకోలేక, రెండింటినీ కలిపి ఒకసారి కళ్ళతోనే సాగనంపింది.

నాగరత్నం ముందు వెళ్ళి ఇత్తడి వేలు బిగించుకుని నొక్కింది.

“పేరు?” అన్నాడు భీమశంకరం.

“కాసులమ్మ,” అంది నాగరత్నం.

కాసులమ్మ నోరు తెరవబోయింది. నాగరత్నం మోచేత్తో ఒక్కటిచ్చింది. తరవాత కాసులమ్మ వెళ్ళి తన వేలు నొక్కింది. కాసులమ్మ నమోదై ఉన్నారని మిషను చెప్పింది.

“ఇందాకే అయిపోయింది కదమ్మా. మళ్ళీ ఎందుకు లేచారు?”

“ఇందాక నొక్కింది ఈవిడండి.”

“ఈవిడంటే మీరే కదమ్మా,” అన్నాడు భీమశంకరం, ఇద్దరి మొహాల మధ్య ఉన్న గోడను చూస్తూ. “మీ కార్డులో నాగరత్నం అని ఒకావిడ ఉన్నారు. ఆవిడేరి? ఎగువ మండలానికి పంపాలి.”

“మాకూ కనపళ్ళేదండి,” అంది నాగరత్నం. “నోరు కాస్త పెద్దది. ఉంటే ఈపాటికి వినపడేది.”

భీమశంకరం రిజిస్టరు తెరిచాడు. “వేలు లేని మనిషిని బండెక్కించే అధికారం నాకు లేదు. ఆ నాయనమ్మ చోటుకి పక్క వార్డు నుంచి ఎవర్నైనా చూస్తాం,” అని ఆ పేరు కొట్టేశాడు. అతని మొహంలో కూడా ఒక పని తగ్గిన తేలిక కనిపించింది.

కాసులమ్మ కదల్లేదు. “బాబూ, ఒక్కమాట. రేపు మాలో ఒకళ్ళు పోతే?”

“మాలో అనకూడదమ్మా, మీరొక్కరే. నెలనెలా ఏదో ఒక వేలు పడుతున్నంతకాలం కాసులమ్మగారు ఉన్నట్టే. ఎవరూ పోయినట్టు కాదు.”

“రెండోవాళ్ళున్నారా లేదా అని ఎవరూ వచ్చి చూడరా?”

“చూసినా రాయడానికి చోటు లేదమ్మా.”

కాసులమ్మ గుండెల మీంచి బండ దించినట్టయింది. దారిపొడుగునా నాగరత్నం చేయి వదల్లేదు. ఇత్తడి వేళ్ళు రెండూ ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. బియ్యం ఒక్కరికే వచ్చాయి, వంట తొందరగా అయిపోయింది. సూరన్నకు ఉన్నది ఒకే భార్య అని కాయితం మీద తేలిపోవడంతో ముక్కుపుడక గొడవ కూడా కొట్టివేయబడినట్టే అయింది.

భోజనాలయ్యాక నాగరత్నం వసారాలో చాప మీద నడుం వాల్చి కళ్ళు మూసుకుంది. సూరన్న అలాగే ఒక మధ్యాహ్నం పడుకుని లేవలేదు. అప్పటి నుంచి నాగరత్నం కునుకు తీసినప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూడడం కాసులమ్మకు అలవాటు. ఈ రోజూ పెట్టింది. ఇత్తడికి ఏమీ తెలియలేదు. చల్లగా లేదు, వెచ్చగా లేదు. ఆమె వేలిని కాసేపు అక్కడే ఉంచింది. తరవాత, ఎలాగూ ఎవరూ పోయినట్టు కాదు, తెలియాల్సింది మాత్రం ఏముందనిపించి, నాగరత్నం పక్కనే చాప మీద ఒరిగి, చాలా ఏళ్ళ తరవాత హాయిగా నిద్రపోయింది.