గేదెలు లేని ఊరు

పాడి రైతులకు పశువుల ఆరోగ్యం, సంక్షేమం మీద మూడు రోజుల శిక్షణతో నైలు డెల్టా చరిత్రలో కొత్త అధ్యాయం మొదలవుతోందని జిల్లా డైరెక్టర్ షిర్బీనీ గారు ప్రకటించారు. చరిత్రకు అడ్డు రాకుండా కఫ్ర్ దహబ్ గ్రామంలోని పశువుల ఆసుపత్రికి ఆ మూడు రోజులూ తాళం వేశారు. డాక్టర్ పాఠం చెబుతుంటాడు, కాంపౌండర్ టీ అందిస్తుంటాడు. మందులన్నీ సీలు వేసి, యువజన కేంద్రం హాల్లో అద్దాల బీరువాలో ప్రదర్శనకు పెట్టారు. ముట్టుకోరాదని బోర్డు కూడా తగిలించారు.

చరిత్ర సరిగ్గా ఆ వారమే రావడం వహీబా దురదృష్టం. ఆమె గేదెకు పొదుగు వాచి రాయిలా గట్టిపడింది. పాలు విరిగిపోయి గడ్డలు గడ్డలుగా పడుతున్నాయి. భర్త పోయాక ఆ ఇంటికి రొట్టెల పిండి దగ్గర్నుంచి పిల్లల చెప్పుల దాకా అన్నీ ఆ పొదుగులోంచే రావాలి. డాక్టర్ ఎక్కడుంటే తానూ అక్కడే ఉండాలని ఆమె శిక్షణకు పేరిచ్చింది.

డాక్టర్ రుష్దీ చక్కగా చెప్పాడు. తెర మీద వాచిన పొదుగు బొమ్మ చూపించి, "ఆలస్యం చేస్తే ఆ చన్ను ఎండిపోతుంది. వెంటనే డాక్టర్ని పిలవాలి" అన్నాడు.

"పిలుస్తున్నా డాక్టరుగారూ, రండి" అంటూ వహీబా లేచి నిలబడింది.

డైరెక్టర్ గారు చెయ్యెత్తారు. "ప్రశ్నలు మూడో రోజమ్మా."

"మూడో రోజుకి చన్ను పోతుందంటున్నారు కదా పాషా దొరా!"

"అది కూడా ప్రశ్నే కదా. మూడో రోజే అడుగు."

డాక్టర్ పాపం తల వంచుకుని తర్వాతి బొమ్మ వేశాడు. అందులో ఒక ఆవు పరుపు మీద పడుకుని ఉంది.

రెండో రోజు గుమాస్తా పెద్ద రిజిస్టరు తెచ్చాడు. ఇందులోకి ఎక్కిన పశువులకే మందులట. ఎవరికెన్ని ఉన్నాయో చెప్పమన్నాడు. ఆ ఊళ్లో పాలిచ్చే గేదె ఉందని పరాయివాళ్ల ముందు ఒప్పుకోవడం కంటే, వీధిలో బట్టలు విప్పుకోవడం నయం. దిష్టి తగిలితే పాలు సాయంత్రానికే మాయమవుతాయి.

"గేదా? మొహం చూసి ఏళ్లయింది పాషా" అన్నాడు మొదటి రైతు, చొక్కాకంటిన గడ్డి దులుపుకుంటూ.

"నా బతుక్కి గేదె కూడానా?" అంది వహీబా పొరుగావిడ బహానా. ఆమె చేతులు ఇంకా పాల వాసన వేస్తూనే ఉన్నాయి.

అలా ముప్ఫైతొమ్మిది మందీ లేవనే చెప్పారు. ఒక్క గేదె కూడా లేనివాళ్లు పొలం పనులు మానుకుని గేదెల పెంపకం నేర్చుకోవడానికి వచ్చారని తెలిసి, విద్య మీద ఆ ఊరికున్న మమకారానికి డైరెక్టర్ గారి కళ్లు చెమర్చాయి.

చివరికి వహీబా వంతు వచ్చింది. ఆమెకిక దిష్టి భయం లేదు, తగలాల్సింది తగిలేసింది. "నాకుంది. ఒకటి. జబ్బుతో ఉంది" అంది.

గుమాస్తా లెక్క కట్టాడు. "ఊళ్లో మొత్తం పశువులు ఒకటి సార్. జబ్బు పడ్డవి ఒకటి. వ్యాధి నూరు శాతం."

డైరెక్టర్ గారు కుర్చీలో కూలబడ్డారు. "రేపు మంత్రిగారొస్తుంటే నా జిల్లాలో నూరు శాతమా! రూలేమిటి?"

"సగం దాటితే మహమ్మారి సార్. ఊళ్లో పశువులన్నిటినీ కబేళాకి తోలాలి."

"అన్నీ అంటే?"

"ఒకటి సార్."

వహీబా రిజిస్టరుకి అడ్డంగా చెయ్యి పెట్టింది. "వైద్యం చేస్తే తగ్గుతుంది కదా బాబూ!"

"తగ్గించాల్సింది గేదె జబ్బు కాదమ్మా, శాతం" అన్నారు డైరెక్టర్ గారు ఓపిగ్గా. "ఇంకెవరైనా ఒక్క గేదె ఉందనండి, యాభైకి దిగుతుంది. పదిమంది అంటే అసలు గొడవే లేదు."

వహీబా పొరుగావిడ చెయ్యి పట్టుకుంది. "బహానా, నీ కాళ్లు పట్టుకుంటా. నీ ఇంట్లో ఉన్నది చెప్పవే. నా గేదె ప్రాణం పోతుందే."

బహానా ముసుగులోకి మూడుసార్లు తూతూమని ఉమ్మి, సీలింగు ఫ్యాను వైపు చూడసాగింది. మిగిలినవాళ్లు కూడా అటే చూశారు. ఇరవై ఏళ్లుగా ఒకే పొయ్యి మీద రొట్టెలు కాల్చుకున్న మనిషి అలా చేస్తుందని వహీబా అనుకోలేదు.

డైరెక్టర్ గారు దయ తలిచి ఇంకో దారి చూపారు. తనకు గేదె లేదని వహీబా వేలిముద్ర వేస్తే చాలు, కబేళా ఊసుండదు. అయితే లేని గేదెకు మందులూ ఉండవు. ఆమె వేలిముద్ర వేసింది.

మర్నాడు మంత్రిగారు వచ్చి, వ్యాధులు సున్నా శాతం ఉన్న తొలి గ్రామంగా కఫ్ర్ దహబ్‌ను ప్రకటించారు. నలభై మందికీ సర్టిఫికెట్లిచ్చారు. ఒక్క సీసా కూడా వాడకుండా శిక్షణ పూర్తి చేసినందుకు డైరెక్టర్ గారిని ప్రత్యేకంగా అభినందించి, సీలు వేసిన మందులను కైరోకు వెనక్కి పంపించారు.

కార్లు వెళ్లిపోయాక బహానా వహీబా ఇంటికొచ్చింది. వహీబా మొహం తిప్పుకుంది. బహానా ముసుగులోంచి, సీలు ముక్క ఇంకా అంటుకునే ఉన్న, పొదుగులోకి ఎక్కించే మందు ట్యూబులు నాలుగు తీసి గుమ్మం మీద పెట్టింది.

"దారిలో దొరికాయి. నాకెందుకు, నాకు గేదె లేదుగా" అంది. తర్వాత ముసుగు బిగించి, "లే, నువ్వు దాన్ని పట్టుకో, నేను పొదుగు పిండుతా. చెడు పాలన్నీ పోవాలి" అంది. వహీబాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

రెండు ట్యూబులు ఎక్కించేసరికి పెరటి తలుపు ఎవరో తట్టారు. డాక్టర్ రుష్దీ. చెమటలు పట్టి ఉన్నాడు.

"అక్కా, నీ దగ్గర మందుందట. ఒక్క ట్యూబు ఇప్పించు. మందులన్నీ కైరో వెళ్లిపోయాయి. నిన్నట్నుంచి పొదుగు గట్టిపడింది."

"ఎవరి గేదెకి డాక్టరుగారూ? మీకు గేదె ఉందా?"

డాక్టర్ సందు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకసారి చూశాడు.

"లేదు" అన్నాడు.