అల్లుడి కారు, మామ పెట్రోలు

పెట్రోలు బంకు ఉన్న ప్రతి మామకూ రేసు కార్ల పిచ్చి ఉన్న అల్లుడే దొరకాలి. ఇది శాపం కాదు, ఆశీర్వాదం. డాక్టరు అల్లుడైతే మామకు బీపీ చూస్తాడు. లాయరు అల్లుడైతే మామ ఆస్తి చూస్తాడు. మామ అమ్మే సరుకు ఎలాంటిదో చూసే అల్లుడు ఎందరికి ఉన్నాడు చెప్పండి?

కర్నూలు నాగసుబ్బయ్యకు అలాంటి అల్లుడు దొరికాడు. నాగసుబ్బయ్యది నందికొట్కూరు రోడ్డులో పెట్రోలు బంకు. ఒక్కగానొక్క కూతురు శ్రీవాసవిని కల్లూరులో టైల్స్ షాపు నడిపే సుదర్శన్‌కు ఇచ్చాడు. సుదర్శన్ మెత్తని మనిషి. బేరంలో గొంతు పెంచడు, భోజనంలో ఉప్పు తక్కువైతే అడగడు. అంత మంచివాడికి లోపం ఏదో ఉండే ఉంటుందని నాగసుబ్బయ్య పెళ్ళినాడే అనుమానించాడు. పెళ్ళయిన తర్వాత తెలిసింది. అల్లుడికి ఇంజన్ పిచ్చి.

బెంగళూరు నుంచి పాత టర్బో కారు ఒకటి తెచ్చుకున్నాడు సుదర్శన్. దానిది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్. అంటే ఏమిటి? మామూలు ఇంజన్లో పెట్రోలు బయటే గాలితో కలిసి, నిదానంగా సిలిండర్ లోపలికి వస్తుంది. పెళ్ళికొచ్చిన చుట్టం ముందు వాకిట్లో కూర్చుని, నీళ్ళు తాగి, తర్వాత లోపలికి వచ్చినట్టు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఆ మర్యాదలు లేవు. పెట్రోలు విపరీతమైన ఒత్తిడితో నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముకొస్తుంది. చిమ్మేందుకు దొరికేది కనురెప్ప పాటు కూడా కాదు. తాలింపులో ఆవాలు చిటపటలాడే క్షణానికే కరివేపాకు పడాలి. ముందు పడితే పచ్చివాసన, ఆలస్యమైతే మాడు.

ఈ వంటంతా చూసుకునేది ఇంజన్ కంప్యూటర్. కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ రేసులకు పనికిరాదని, దాన్ని ఊడబీకి, బయట దొరికే రేసు కంప్యూటర్ పెట్టించాలనుకున్నాడు సుదర్శన్.

“ఉండే దానికి ఏమొచ్చింది? బాగనే ఉండాది గదా,” అంది శ్రీవాసవి.

“అది నన్ను నమ్మదు వాసవీ. ఎంత తొక్కినా దానికి తోచినంతే ఇస్తాది.”

“మంచిదే. నేనూ నమ్మను.”

అయినా పెట్టించాడు. పెట్టినవాడు కడప యేసుప్రసాద్. ఇంజనీరింగ్ చదివి, కోయంబత్తూరులో రేసు జట్ల దగ్గర పనిచేసి, సొంతూరికి వచ్చి షెడ్డు తెరుచుకున్నాడు. కారుకు ల్యాప్‌టాప్ తగిలించి, అంకెలు మారుస్తూ ఇంజన్‌కు పాఠం చెప్పడం అతని వృత్తి. దానికి ట్యూనింగ్ అని పేరు.

ట్యూనింగ్ చేసేందుకు ఖాళీ రోడ్డు కావాలి. కర్నూలు చుట్టుపక్కల ఖాళీ రోడ్లకు కరువా? కల్లూరు దాటితే చాలు, వెంచర్లే వెంచర్లు. ఆర్చీ ఉంటుంది, పామ్ చెట్లు ఉంటాయి, వెడల్పాటి తారురోడ్లు ఉంటాయి. ఇళ్ళు ఒక్కటే ఉండవు. రియల్ ఎస్టేటు వాళ్ళు రాయలసీమ రేసర్లకు చేసిన ఈ సేవను ఎవరూ గుర్తించలేదు.

మొదటిరోజు ఇంజన్ స్టార్ట్ కాలేదు. సెల్ఫు తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. ప్లాట్లలో మేస్తున్న గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి.

“ఏమైందప్పా?” అన్నాడు సుదర్శన్.

“పెట్రోలుకు ఒత్తిడి రాలేదన్నా. పంపు ఏ క్షణంలో నొక్కల్లో ఈ కంప్యూటర్‌కు తెల్వదు. నేను చెప్పిన లెక్క తప్పు పడింది. ఇది చంటిబిడ్డ. ఏం నేర్పితే అదే.”

లెక్క సరిచేశాడు. ఈసారి ఇంజన్ ఒక్క గర్జనతో లేచింది. గొర్రెలు ఆర్చీ కింద నుంచి పరుగో పరుగు. సుదర్శన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగకు అని చెప్పాడు.

కొన్ని వారాలు అలాగే నడిచింది. యేసుప్రసాద్ పక్క సీట్లో కూర్చుని అంకెలు మార్చేవాడు, సుదర్శన్ తొక్కేవాడు. కారు రోజురోజుకూ చురుకెక్కింది. ఈలోగా కడప అవతల ఒక వెంచరు యజమాని ప్లాట్ల ప్రచారానికి కార్ల పందెం పెట్టాడు. తిన్నటి రోడ్డు, జనం, మైకు, లోకల్ చానెల్.

చానెల్ మాట చెవిన పడగానే నాగసుబ్బయ్య రంగంలోకి దిగాడు. అంతవరకు అల్లుడి కారును ‘ఆ డబ్బా’ అనేవాడు, ‘మన కారు’ అన్నాడు. రెండు తలుపుల మీదా తన బంకు పేరు పెద్దక్షరాలతో అంటించాడు.

“చూడప్పా, ఇంక పెట్రోలు మన బంకుదే పోయల్ల. పేరు మనది పెట్టుకొని ఇంగొకరిది పోస్తే నలుగురు నవ్వుతారు.”

సుదర్శన్ సరేనన్నాడు. మామ మాట కాదన్న చరిత్ర అతనికి లేదు. ట్యూనింగ్‌కు అంతవరకు యేసుప్రసాద్ కడప నుంచి వస్తూ తెచ్చుకున్న పెట్రోలే వాడారు. కొత్త కంప్యూటర్ పెట్టాక ఇప్పుడే మొదటిసారి మామ బంకులో ట్యాంకు నింపి, వెంచరుకు వెళ్ళి తొక్కాడు. ఇంజన్లో ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకా చప్పుడు. ఎర్రలైటు వెలిగింది. కారు చచ్చుబడింది.

యేసుప్రసాద్ ముఖం మాడిపోయింది. తప్పు తనదే అనుకున్నాడు. స్పార్కు చూశాడు, పంపు చూశాడు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు విప్పి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ట్యాంకు ఖాళీ చేసి వేరే పెట్రోలు పోశాడు. ల్యాప్‌టాప్‌లో ఇంజన్ చప్పుడును చూపే గీత చాప పరిచినట్టు చదునుగా వచ్చింది. మళ్ళీ మామ పెట్రోలు పోశాడు. గీత నల్లమల కొండలెక్కింది.

“అన్నా, కంప్యూటర్ బాగనే ఉండాది. పెట్రోల్లోనే ఏందో కలిసింది.”

“ఆ మాట మల్లా అనద్దు,” అన్నాడు సుదర్శన్. మళ్ళీ తానే, “మరి పాత కంప్యూటర్ ఉన్నప్పుడు ఎప్పుడూ ఇట్ల కాలేదే?” అన్నాడు. కంప్యూటర్ మార్చక ముందు అతను పోయించుకున్నదంతా మామ బంకులోనే.

“అది సర్దుకుంటాదన్నా. చెడు పెట్రోలు పడిందని తెలిస్తే ఇంజన్ బలం తగ్గించి, నోరు మూసుకొని నడిపిస్తాది. మనకు తెల్వనే తెల్వదు. దీనికి ఆ ఓర్పు నేర్పలేదు నేను. తప్పు కనపడితే బండి ఆపమని చెప్పినా.”

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి కంపెనీ కంప్యూటర్‌కు దండం పెట్టుకుందాం. ఎంత సంస్కారం! ఏది పోసినా తాగుతుంది, అవసరమైతే బలం తగ్గించుకుంటుంది, పోసినవాడి పేరు బయటపెట్టదు. అలాంటివి కోట్లాది తిరుగుతుండబట్టే కదా దేశం ప్రశాంతంగా ఉంది?

సుదర్శన్‌కు మాత్రం ప్రశాంతత పోయింది. ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆరిన బట్టలు మడతపెడుతున్న శ్రీవాసవి చేతులు ఆగిపోయాయి.

“నా స్కూటీ గూడ అట్లనే గునుస్తాంది. మెకానిక్ చేతకానోడు అనుకుంటి,” అంది మెల్లగా. తర్వాత, “నాయన్ను అడుగుతావా?” అంది.

“నువ్వు అడుగు. నీ నాయన.”

“నీ మామ.”

ఎవరూ అడగలేదు. అడిగితే ఏమవుతుంది? ఆయన కాదంటే అల్లుడు అబద్ధాలకోరు. అవునంటే కూతురు ఇక పుట్టింటి గడప ఎలా తొక్కాలి? ఆ వారమంతా సుదర్శన్ ఉప్పు తక్కువైనా, ఎక్కువైనా గమనించలేదు.

పందెం రోజు ఉదయం బంకులో పూజ. నాగసుబ్బయ్య భార్య ప్రమీలమ్మ కారుకు పసుపు కుంకుమ పెట్టింది. నాగసుబ్బయ్య కొబ్బరికాయ కొట్టి, పైపు తన చేతుల్తో పట్టుకుని ట్యాంకు నిండుగా పోశాడు. కారును చిన్న లారీ మీదికి ఎక్కించారు. ఆడవాళ్ళు బంధువుల వ్యానులో బయల్దేరారు. “నాకు బ్యాంకులో పని ఉండాది, మీరు పోతాండండి, నేను కొత్త బండిలో వస్తా,” అన్నాడు నాగసుబ్బయ్య.

దారిలో సుదర్శన్, యేసుప్రసాద్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆళ్ళగడ్డ దాటాక లారీ పక్కకు ఆపారు. మామ పోసిన పెట్రోలంతా పైపు పెట్టి క్యాన్లలోకి దించారు. అంత భక్తితో పోసింది దించుతుంటే సుదర్శన్‌కు గుడిలో తీర్థం పారబోస్తున్నట్టే ఉంది. అక్కడే చాలాసేపయింది. మైదుకూరు దాటగానే యేసుప్రసాద్‌కు నమ్మకమైన బంకు ఒకటి ఉంది. లారీ లోపలికి తిరిగింది.

లారీ మీదున్న కారును, కారు మీదున్న మామ పేరును దాచడం ఎలా? పైపు పట్టుకున్న కుర్రాడు తలెత్తి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. “ఏమన్నా, కర్నూలు బంకు పేరు రాసుకొని ఈడ పోయించుకుంటాండారే?”

సుదర్శన్ సమాధానం వెతుక్కుంటూ పక్కకు తిరిగాడు. పంపుకు అటువైపు తెల్లటి కొత్త కారు ఆగి ఉంది. దాని ట్యాంకు మూత తెరిచి ఉంది. మూత పక్కన నిలబడి, మీటరును శ్రద్ధగా చూస్తున్నది నాగసుబ్బయ్య.

సుదర్శన్ పంపు చుట్టి అటువైపు వెళ్ళాడు.

“ఏం మామా, ఈడున్నావే?”

“కొత్త బండి గదప్పా,” అన్నాడు నాగసుబ్బయ్య. ఆయన చూపు లారీ మీదికి, తలుపు మీది తన పేరు మీదికి పోయి, తిరిగి వచ్చింది. “నువ్వు?”

“రేసు గద మామా.”

ఇద్దరి ట్యాంకులూ నిండాయి. కారెక్కబోతూ నాగసుబ్బయ్య వెనక్కి వచ్చి, అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, “మీ అత్తకు చెప్పద్దు,” అన్నాడు. సుదర్శన్‌కు కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది. మెత్తని మనుషులతో వచ్చే చిక్కే ఇది.

పందెంలో సుదర్శన్ పక్కన నిలబడింది బెంగళూరు నుంచి వచ్చిన మెరిసే కారు. జెండా కిందికి దిగింది. బెంగళూరు కారే ముందు దూకింది. సుదర్శన్ తొక్కాడు. ఎర్రలైటు వెలగలేదు, సుత్తి చప్పుడు లేదు. ఇంజన్ ఒక్క గుక్కలో గాలంతా మింగి రోడ్డంతా ఉమ్మేసినట్టు కదిలింది. సగం దారిలో బెంగళూరు కారు కిటికీ పక్కకు వచ్చింది, తర్వాత వెనక్కి పోయింది. అవతలి గీత దాటి బ్రేకు వేశాక గానీ తాను అరుస్తున్న సంగతి అతనికి తెలియలేదు.

జనం మూగారు. వ్యాఖ్యాత మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టాడు. “సుదర్శన్ గారూ, తలుపు మీద బంకు పేరు కనిపిస్తోంది. ఇంతకూ ఏ పెట్రోలు పోశారు?”

ముందు వరుసలో నాగసుబ్బయ్య ఉన్నాడు. చేతిలో బంకు పేరున్న బ్యానరు చుట్టి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కన శ్రీవాసవి మొగుడినే చూస్తోంది. సుదర్శన్ జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు.

“మా మామ తన సొంత కారుకు ఏది పోయించుకుంటాడో, అదే పోసినా.”

చప్పట్లు మోగిపోయాయి. మామ అల్లుళ్ళ అనుబంధం అంటే ఇదీ అన్నాడు వ్యాఖ్యాత. శ్రీవాసవి తండ్రి వైపు తిరిగి చూసింది. ఆయన బ్యానరును ఇంకా గట్టిగా చుట్టుకుంటున్నాడు. ఆమెకు అడగాల్సింది ఇక మిగల్లేదు.

ఆ మాట చానెల్లో వచ్చింది, ఫోన్లలో తిరిగింది. ఓనరు కారే తాగే పెట్రోలంటే తిరుగేముంది? నందికొట్కూరు రోడ్డులో ఆటోలు, బైకులు బారులు తీరాయి. మొదటి రెండు రోజులు నాగసుబ్బయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. మూడోనాడు షేర్ ఆటో నడిపే అయ్యన్న తెల్ల కారు వైపు చూపించి, “అన్నా, నీ కారుకు పోయించుకో, చూసి మేమూ పోయించుకుంటాం,” అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నాగసుబ్బయ్య పోయించుకున్నాడు. ఏం చేస్తాడు?

అప్పటినుంచి ఆయన కారు వేరే బంకు గడప తొక్కడానికి లేకుండా పోయింది. ఊరంతా గుర్తుపట్టే కారు అది. నెల తిరక్కముందే ఎత్తు ఎక్కలేక దగ్గడం మొదలుపెట్టింది. ఓర్చుకునే కంప్యూటర్ మాత్రం ఎంతని ఓర్చుకుంటుంది? షోరూమువాళ్ళు ఇంజెక్టర్లు విప్పి, “పెట్రోలు ఎక్కడ పోయిస్తున్నారు సార్?” అని అడిగారట. ఆ వారంలో బంకుకు ‘మరమ్మతులు’ అని బోర్డు పడింది. భూమిలో ఉన్న ట్యాంకులు కడిగించారు. పెట్రోల్లో కల్తీ కలిపే మనిషి రావడం మానేశాడు.

బోర్డు తీసిన సాయంత్రం నాగసుబ్బయ్య అల్లుడికి కబురు పెట్టాడు. రేసు కారులో పెట్రోలు పోయించి, యేసుప్రసాద్‌ను వెనక సీట్లోకి పంపి, తానే ముందు సీట్లో కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. వెంచరు రోడ్డు మీద సుదర్శన్ గట్టిగా తొక్కాడు. గీత చదునుగా పోయింది. మళ్ళీ తొక్కమన్నాడు. మళ్ళీ చదునే. పెద్దాయన దాన్ని మనవడి ఫొటో చూసినట్టు చూశాడు.

“సుద్దమైన పెట్రోలప్పా,” అన్నాడు. సంతోషమో దుఃఖమో గొంతులో తెలియలేదు.

సుదర్శన్ నవ్వి కారు ఆపాడు. నాగసుబ్బయ్య దిగలేదు. ల్యాప్‌టాప్ మూత నిమురుతూ ఏదో ఆలోచించాడు. తర్వాత వెనక్కి తిరిగి, చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి, యేసుప్రసాద్‌ను అడిగాడు.

“ఏమప్పా, మా ఇంటికి పాలు పోసేటోడు నీళ్ళు కలుపుతాండాడు. మనుషుల్లో నీతి ల్యాకుండా పోయింది. ఈ కంప్యూటర్ పాలక్యానుకు పెట్టేదానికి అయితాదా?”