కొక్కేనికి పేటియా

పాతది ఉంటేనే పెళ్లి కొత్తగా ఉంటుందని జనగామ ప్రాంతం ఈమధ్యే ఏకగ్రీవంగా తేల్చుకుంది. కనుక తరిగొప్పుల దగ్గరి లంబాడా తండాలో దీక్షిత పెళ్లి కుదరగానే, అన్న రాకేశ్ ముందుగా ఇంట్లోని పాతసామానంతా వదిలించుకున్నాడు. తర్వాత పాతసామానుతో మండపాలు అలంకరించడంలో పేరుమోసిన యుగేందర్‌ను మాట్లాడుకున్నాడు. ఈ రెండు పనులకూ సంబంధం ఉండొచ్చని చదువుకున్న ఆ బుర్రకు తట్టలేదు.

తల్లి రుక్కికి ఒకటే కోరిక. తన పెళ్లికి తన తల్లి కుట్టిచ్చిన అద్దాల పేటియా కట్టుకుని బిడ్డ పక్కన కూర్చోవాలి. ఆ లంగా బరువు నడుముకు తెలిస్తేగాని తాను తానేనన్న నమ్మకం ఆమెకు కలగదు. పట్టుచీర కడితే ఎవరో పెద్దింటామె ఒంట్లోకి దూరి తన బదులు నవ్వుతున్నట్టుంటుంది.

"పెట్టెల పేటియా లేదేందిరా?" అని కొడుకును అడిగింది.

"గది పాతసామానోనికి ఇచ్చిన యాడీ. హన్మకొండ నుంచి మా ఆఫీసోళ్లొస్తున్రు. పట్టుచీర కట్టు, జర ఇజ్జత్ కాపాడు."

రుక్కి కాపాడింది. భర్త టీక్యా కూడా బిగుతు సఫారీలో ఊపిరి బిగబట్టి తన వంతు కాపాడాడు.

పెళ్లినాడు ఫంక్షన్ హాల్లో తెర తొలగింది. తుప్పు కందిళ్లు, నులక మంచం, విరిగిన బండిచక్రం. వాటి నడుమ ఫొటో పాయింటులో, కొక్కేనికి రుక్కి పేటియా, రవిక. అద్దం రాలినచోట తాను కుట్టిన గవ్వతో సహా.

యుగేందర్ మైకందుకున్నాడు. "మన మూలాలు మరువద్దు! ఈ వస్త్రం మన తల్లుల ఆత్మ. దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు!"

రాకేశ్ కళ్లు చెమర్చాయి. రుక్కి దగ్గరికెళ్లి గవ్వను తడిమింది.

"అమ్మా, జర పక్కకు జరుగు," అన్నాడు ఫొటోగ్రాఫర్. "కల్చర్ కనవడ్తలేదు."

రుక్కి జరిగింది. జరుగుతూ జరుగుతూ ఆ కల్చర్‌ను కొక్కెం మీంచి తీసుకుని గదిలోకి పోయింది. కట్టుకుని తిరిగొచ్చింది.

హాలు పులకరించింది. సెల్ఫీలకు వరుస కట్టారు. పెళ్లికొడుకు మేనత్త శారద యుగేందర్ చెవిలో అడిగింది. "తమ్మీ, గీ అవ్వ కూడ నీ సామాన్లదేనా? మా బిడ్డ యమున పెళ్లికి మరిపెడకు పంపుతవా?"

"డేట్లు చూసి చెప్తనక్కా," అన్నాడు యుగేందర్. వచ్చిన బేరాన్ని కాదనడం అతని వృత్తిధర్మం కాదు.

రాకేశ్ మొదట పాలిపోయాడు. వరుసలో తన ఆఫీసరు కనబడగానే తేరుకున్నాడు. "యాడీ, గిట్లనే నిలవడు. కదలకు!"

అంతలో పంతులు కేకేశాడు. "పెళ్లిబిడ్డ తల్లిగారేరీ?"

జనం పట్టుచీరల వైపు వెతికారు.

"నేనే," అంది రుక్కి ఫొటో పాయింటు నుంచి.

"మాటలు గూడ మంచిగ నేర్పిన్రు!" అంటూ చప్పట్లు కొట్టారు.

పీట మీంచి దీక్షిత గట్టిగా పిలిచింది. "యాడీ, ఏందక్కడ? రా, నా పక్కన కూసో!"

రుక్కి అద్దాలు గలగలలాడించుకుంటూ నడిచి బిడ్డ పక్కన కూర్చుంది. నడుముకు బరువు తెలిసింది. తాను తానే.

వరుసలో మిగిలినవాళ్లు మాత్రం బాగా నొచ్చుకున్నారు. అంతదూరం నుంచి కల్చర్ చూద్దామని వస్తే, దాన్ని తీసుకుపోయి పెళ్లిలో కూర్చోబెట్టారట!