బెల్లానికి ఏసీ

ఏసీని ఆడిపోసుకునే వాళ్లందరూ ఒక్కసారి అనకాపల్లి రండి. బెల్లం వర్తకుడు చంద్రమౌళి గారి కొట్టు చూసి, లెంపలేసుకుని వెళ్లండి!

ఈసారి మార్చికే ఎండలు మండిపోతుంటే ఆయన ముందుగదికి ఏసీ పెట్టించారు. అబ్బ, ఏం చల్లదనం! బయట జనం కుతకుతలాడుతుంటే లోపల ఆయన మఫ్లర్ చుట్టుకున్నారు. క్యారేజీలో వచ్చిన పప్పుచారు నోటిదాకా వచ్చేలోపు చల్లారిపోతోంది. ఇంతకంటే సుఖం ఏం కావాలండీ?

పైగా క్రమశిక్షణ! వెనకటికి రైతులు నేరుగా లోపలికొచ్చి, చెంబెడు నీళ్లు తాగి, పెళ్లిసంబంధాలన్నీ మాట్లాడి గానీ కదిలేవారు కాదు. ఇప్పుడు తలుపు మీద బోర్డు ఉంది: ‘ఏసీ ఉన్నది, బయట వేచి ఉండండి.’

మొన్న మాకవరపాలెం రైతు దేముడు బండెడు బెల్లం తెచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఈ కొట్టు తప్ప ఇంకో కొట్టు గుమ్మం ఎక్కని మనిషి. మచ్చుకి ఒక దిమ్మ పట్టుకుని తలుపు తీశాడు.

“తలుపెయ్ దేముడూ, కూలింగ్ పోతంది! దిమ్మ లోపలెట్టు, ఎండకి మెత్తబడిపోద్ది. కొనేవోడొచ్చేదాకా నువ్వు అరుగు మీద కూకో,” అన్నారు చంద్రమౌళి గారు.

గదిలోని వేడినంతా బయటికి ఊదే అవుట్‌డోర్ యూనిట్ ఆ అరుగు మీదే ఉంది. దేముడు దాని ముందు రెండు గంటలు కూర్చున్నాడు.

పన్నెండింటికి పాయకరావుపేట నుంచి కొనుగోలుదారు రామ్‌గోపాల్ దిగాడు. ట్యూబ్‌లైటు కింద బెల్లం రంగు చూసేవాడు ఏం వ్యాపారి? దిమ్మను వెలుతురులోకి తెచ్చాడు. అంతే! చలిలోంచి వచ్చిన దిమ్మకు ఉక్కగాలి తగిలి ఒళ్లంతా చెమ్మ. వేలు పెడితే జిగురు.

“నీరోడే బెల్లం నాకొద్దు మామా,” అని అతను వెళ్లిపోయాడు.

చంద్రమౌళి గారికి ఒళ్లు మండింది. “ఏటి దేముడూ ఇది? నీ బెల్లానికి చెమట పట్టింది! నా పరువు తీసేసేవు!”

దేముడు తువ్వాలు పిండుకున్నాడు.

“ఐదు నిమిసాలు బయటికొచ్చిన బెల్లానికి సెమట పట్టిందని ఇంత బాదపడతన్నావు సావుకారూ! నాకు పొద్దున్నుంచీ పడతంది. ఒక్కసారైనా సూసేవా?”

దేముడు దిమ్మను తీసి బండిలో వేసుకున్నాడు. బండి కదిలింది. నాలుగు కొట్ల అవతల, ఇంకో బెల్లం వర్తకుడు కనకరాజు లొడలొడమనే ఫ్యాను కింద, తలుపులు బార్లా తీసుకుని కూర్చుని ఉన్నాడు. దేముడి బెల్లం అక్కడ దిగింది. వారం తిరక్కుండా మిగతా రైతులూ అటే మళ్లారు.

అయినా సరే, ఏసీని ఒక్క మాట అననివ్వను. ఇప్పుడు చంద్రమౌళి గారి గది మునుపటికంటే చల్లగా ఉంటోంది. తలుపు తీసేవాడే లేడు మరి!