జంబయ్యగారి 0.5 త్యాగం

ఒక పెద్ద అడవిలో, అంటే నీళ్లకి కూడా సంఘం పెట్టుకునేంత పెద్ద అడవిలో, జంబయ్య అనే నక్క నీటి సంఘానికి కార్యదర్శిగా ఉండేవాడు. వేసవి వచ్చిందంటే అందరికీ ఒక్క మడుగే దిక్కు. అందులోంచి రోజుకి వంద కుండలు తోడేవారు. కుందేళ్లది గంపెడు సంసారం కాబట్టి వాటికి సగం, అధ్యక్షుడు ఎలుగుబంటికి పావు, కార్యదర్శికి పావు.

ఆ పావు దగ్గరే జంబయ్య ఏడుపంతా. ఇంట్లో పెళ్లాం, ఆరుగురు పిల్లలు. తాగడానికి ఇరవై ఐదు కుండలు చక్కగా సరిపోతాయి. కానీ గుహ ముందు తొట్టి కట్టించాడాయె, మిట్టమధ్యాహ్నం అందులో మునిగి పడుకోవాలని. అది నిండాలంటే సగం కావాలి. అడిగితే కుందేళ్లు ఊరుకుంటాయా?

ఒక ఉదయం సభ పెట్టి బండ మీద బొగ్గుతో రాశాడు.

"ఇకనుంచి సగాలూ పావులూ ఉండవు. అవి పాతకాలం మాటలు. అంతా దశాంశాలే. ఇంతవరకూ మీకు వస్తున్నది 0.5, నాకు 0.25."

"ఆ ముందు సున్నా ఏంటి బాబూ?" అన్నాడు కుందేళ్ల పెద్ద, చెవుల తాత.

"సున్నాకి విలువేముంది తాతా!"

"మరి చుక్క?"

"దిష్టిచుక్క. అంకెకి కన్ను తగలకుండా."

తాత తృప్తిగా తలూపాడు. పసిపిల్లలకి పెట్టగా లేనిది అంకెకి పెడితే తప్పేముంది? అంతలోనే ఆయన ముఖం ఎర్రబడింది.

"అంటే మాకు ఐదు, నీకు ఇరవై ఐదా! ఇన్నాళ్లూ ఇంత అన్యాయమా?"

జంబయ్య కళ్లొత్తుకున్నాడు. "నాకూ నిద్రపట్టడం లేదు తాతా. నా 0.25 మీరు తీసుకోండి. మీ 0.5 నేను సర్దుకుంటాను."

కుందేళ్లు ఆ త్యాగానికి బోరుమన్నాయి. ఎలుగుబంటి ఆవలిస్తూ ముద్ర వేశాడు. నీళ్లేమైనా మిగిలితే అధ్యక్షుడికే అన్న నియమం తప్ప ఆయనకి ఏ లెక్కా పట్టదు.

తొట్టి నిండింది. కుందేళ్ల ఇళ్లలో పొద్దెక్కేసరికి కుండలు ఖాళీ అయ్యాయి. పిల్లలు దాహమని ఏడిస్తే తాత కసిరాడు. "ఇరవై ఐదు వస్తున్నా చాలదంటే మనకే ఆబ ఎక్కువైంది. పాపం, ఐదుతో ఆయన ఎలా బతుకుతున్నాడో!"

ఆ జాలే జంబయ్య కొంప ముంచింది. మరుసటి సభలో తాత లేచి, కార్యదర్శిగారికి 0.125 ఇవ్వాలని తీర్మానం పెట్టాడు.

జంబయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దు తాతా! నాకు 0.5 చాలు!"

"చూశారా, ఎంత గొప్ప మనసో! ఇలాంటివాడికి నూట ఇరవై ఐదేంటి? 0.0625 రాయండి. ఆరువందల ఇరవై ఐదు!"

చప్పట్లు మోగాయి. జంబయ్యకి మాత్రం ఆరు కుండలు, వాటి చుట్టూ ఎండిపోయిన తన పిల్లల నోళ్లు కనిపించాయి. తొట్టి సంగతి దేవుడెరుగు, తాగడానికే చాలవు. పరువు పోతే పోయిందని గొంతు చించుకున్నాడు.

"ఓరి అమాయకుల్లారా! 0.5 అంటే సగం, నూటికి యాభై! 0.25 అంటే పావు, నూటికి ఇరవై ఐదే! మిమ్మల్ని మోసం చేశాను, నమ్మండి!"

ఎలుగుబంటి నిద్రమత్తు వదిలి, మొదటిసారిగా వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. నక్కకి తగ్గిందల్లా ఎవరింటికి వస్తుందో ఆయనకి చప్పున తెలిసింది.

"కార్యదర్శికి వడదెబ్బ తగిలింది," అన్నాడు గంభీరంగా.

చెవుల తాత కన్నీళ్లు పెట్టుకుని జంబయ్య వీపు నిమిరాడు. "మా కోసం దాహంతో మతి పోగొట్టుకున్నాడు మహానుభావుడు. ఇంకో అంకె చేర్చండయ్యా. 0.03125."

ఆ రోజు జంబయ్య ఇంటికి మూడు కుండల నీళ్లు వెళ్లాయి, ఊరేగింపుగా.

నీతి: లెక్క రానివాళ్లని మోసం చెయ్యడం తేలికే, వాళ్ల కృతజ్ఞతని తట్టుకోవడమే కష్టం.