మడి గొట్టం

టెక్సస్ రాష్ట్రంలోని కాపెల్ పట్టణమందు మడి ఇంకా బ్రతికే ఉన్నదనీ, ఫణికుమార్ గరాజులో రెండు కార్లు నిలిపే చోటంతా ఆక్రమించి సుఖంగా ఉన్నదనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కార్లు ఎండలో ఉన్నవి. ధర్మం నీడన ఉన్నది.

ఈ ఘనత ఫణికుమార్ మామగారు, విశ్రాంత భాషాపండితులు తిరుపతయ్యగారిది. కూతురింటికి వచ్చి నాలుగు నెలలైనది. ఆదివారం నాటి తెలుగువారి సభలో "అమెరికాలో ఆచారం" అన్న విషయంపై ప్రసంగిస్తాననీ, ఆచారం తప్పని గృహస్థు నొకరిని సభకు తెచ్చి చూపిస్తాననీ ఆయన మాట ఇచ్చి ఉన్నారు. "ఆచార శిరోమణి" బిరుదు సిద్ధం, శాలువా సిద్ధం. గృహస్థే సిద్ధంగా లేడు. పదకొండిళ్ళు పరీక్షించారు. ఒక ఇంట నైవేద్యపు పులిహోర మీద సగం తిన్న పిజ్జా పెట్టె శయనించి ఉన్నది. మరొక ఇంట మడిబట్ట ఏదని అడిగితే యోగా ప్యాంటు చూపించారు. గురువారం నాటికి పండితులవారికి అన్నం సహించలేదు. మాట తప్పితే నిండు సభలో తల ఎత్తేదెలా?

ఆ దిగులుతోనే గరాజులో అడుగు పెట్టారు.

"మామయ్యగారూ, అక్కడే ఆగండి! ఏదీ ముట్టుకోకండి! చేతులు కడుక్కున్నారా?"

తిరుపతయ్యగారికి ఒళ్ళు పులకరించింది. ఆ గద్దింపు ఆయన చివరిసారి విన్నది నాయనమ్మ నోట. అల్లుడు తలస్నానం చేసి, జుట్టుకు గుడ్డ చుట్టుకొని, పెద్ద స్టీలు బాన ఎదుట నిలిచి ఉన్నాడు. బల్ల మీద మూడు గొట్టాలు: ఒకటి రాగిది, ఒకటి వినైల్ ప్లాస్టిక్‌ది, ఒకటి సిలికాన్ రబ్బరుది.

"ఏమిటి అల్లుడుగారూ ఇదంతా?"

"బార్లీ కాస్తున్నానండీ. ఏ గొట్టం వాడాలో తేల్చుకోలేక చస్తున్నా. ఆరు వారాల్నించి రివ్యూలు చదువుతున్నా. ఒకడు సిలికాన్ అంటాడు, ఇంకోడు వినైల్ అంటాడు. కామెంట్స్‌లో తిట్టుకుంటున్నారు."

వ్యాఖ్యాతల తగవులు తీర్చడంలో తిరుపతయ్యగారిది నలభై ఏళ్ళ అనుభవం. కుర్చీ వేయించుకున్నారు. విచారణ ప్రారంభమైనది.

రాగి పంచపాత్రకు చుట్టం గనుక ఆయన మొగ్గు మొదట అటే. కాని పులిసిన రసం రాగిని తాకితే రుచి చెడుతుందని అల్లుడు మనవి చేశాడు. కావున కాచిన రసాన్ని చల్లార్చేంత వరకే రాగికి అధికారం. వినైల్ గొట్టం అద్దంలా ఉంటుంది, లోపలి ప్రవాహం దర్శనమిస్తుంది. అయితే మరిగే రసం తగిలితే తోటకూర కాడలా వాలిపోతుంది, పట్టిన వాసన విడవదు. సిలికాన్‌ను సలసల కాగే నీళ్ళలో ఎన్నిసార్లు ముంచినా శుద్ధమై లేచి వస్తుంది. పాపం, గోడల గుండా గాలి దూరుతుంది, నిలవకు పనికిరాదు. తీర్పు: వేడి రసానికి సిలికాన్, చల్లని రసానికి వినైల్. ఒకటి మరొకదాన్ని తాకరాదు. వేర్వేరు కొక్కేలకు వేలాడవలెను.

"రసం దింపేటప్పుడు నోటితో పీలుస్తారా?" చివరి పరీక్ష.

"అయ్యయ్యో! నోరు పెడితే ఎంగిలైపోదూ? బ్యాచ్ మొత్తం పారబోసుకోవాలి!"

టెక్సస్ గాలిలో "ఎంగిలి" అన్న మాట వినబడగానే తిరుపతయ్యగారి కళ్ళు చెమర్చాయి. పదకొండిళ్ళు తిరిగారు, శిరోమణి స్వగృహంలోనే ఉన్నాడు!

తలుపు దగ్గర నిలబడిన ఆయన ధర్మపత్ని మీనాక్షిగారు నెమ్మదిగా, "ఏమండీ, అది బీరు," అన్నారు.

"నేను గొట్టం సంగతి మాట్లాడుతున్నానే. లోపల పారేది వేరే శాఖ."

ఆదివారం సభ కిటకిటలాడింది. బీరు వార్త పండితులవారికన్న ముందే హాలుకు చేరినది. అయినా ఎవరూ తొణకలేదు. బార్లీ అంటే యవలు, యజ్ఞాలలో వాడినవే గదా అన్నారు ఒకరు. కార్యదర్శి గారైతే, అది ఎన్ని రోజులకు తయారవుతుందో మాత్రమే విచారించారు.

"సభాసదులారా!" అని తిరుపతయ్యగారు గర్జించారు. "సముద్రం దాటితే ఆచారం చచ్చిపోతుందన్నారు. చావలేదు! కాపెల్ పట్టణంలో సిలికాన్ రూపమున అవతరించినది!"

చప్పట్లకు పైకప్పు అదిరింది. శాలువా విచ్చుకుని ఫణికుమార్ ఎడమ భుజం మీద వాలింది. రెండు మాటలు చెప్పమని అతనికి మైకు ఇచ్చారు.

"నేనంత గొప్పోణ్ణేం కాదండీ. సింపుల్. చేతులు శుభ్రంగా కడుక్కుంటే చాలు, ఎవరైనా ముట్టుకోవచ్చు. మొన్న గొట్టం రెండో చివర పట్టుకుంది మా ఇల్లు క్లీన్ చేసే రోసానే."

ముందు వరుసలోని పెద్దలు కార్యదర్శి గారి వైపు చూశారు.

"ఎవరైనానా?" అన్నారు తిరుపతయ్యగారు.

"ఎవరైనానండీ. క్రిమికి ఎవరు ఎవరో తెలీదుగా."

కుడి భుజానికి బయలుదేరిన శాలువా దారిలో ఆగింది. తరువాత వెనక్కి వచ్చింది. పాత మడతలలోకే మడతపడింది. బీరును క్షమించగల పెద్ద మనసు సభకు ఉన్నది గాని, ప్రతిదానికీ ఒక హద్దు ఉండాలి గదా! తిరుపతయ్యగారు తల దించుకునే వేదిక దిగారు. ఆ సాయంకాలం కార్యవర్గమంతా ఫణికుమార్ గరాజుకు పరామర్శకు వెళ్ళి, పోయిన నెల కాచిన పీపాను అడుగంటా ఓదార్చి వచ్చినది.

బిరుదు ఇంకా ఖాళీగానే ఉన్నది. అర్హులు దరఖాస్తు చేసుకోవచ్చును. చేతులు కడుక్కొని రానక్కరలేదు. ఇంటిపేరూ, సొంత ఊరూ చెబితే, తక్కినది మనమే గ్రహించుకుంటాము.