మిద్దె గదికి ఇద్దరు

ఆదివారం పొద్దున ఆరింటికే గౌసియా వాకిలి కడిగి, రోలు తోమి పెట్టింది. గండికోట చూడటానికి వచ్చేవాళ్లకు ప్రొద్దుటూరులో ఒక రోజు మామూలు బతుకు చూపించాలని ఆమె పథకం. బొరుగులతో ఉగ్గాని చేయడం, కారం నూరడం, మార్కెట్లో బేరమాడటం అన్నీ వాళ్ల చేతులతోనే చేయాలి. రాత్రికి మిద్దె మీది గదిలో పడుకోవాలి. మొదటి అతిథి, రాజమండ్రి వకుళ గారు, ఈ రోజే వస్తున్నారు.

అత్త షాహీదాబీ ఒకటే షరతు పెట్టింది. "వచ్చినామె నగుకుంటా పోతే గది నీది. మొగం మాడ్చుకోని పోతే బాడుగకిచ్చేస్తా. మళ్ల అడగొద్దు."

కోడలు ఎలాగూ ఓడిపోతుందన్న నమ్మకంతో ఆమె ముందు రోజే బ్రోకరు నబీ రసూల్‌కు కబురు పెట్టింది. ఆ సంగతి కోడలికి చెప్పలేదు. "ఈ తమాషా నేను జూడలేను" అని తెల్లారగానే చెల్లెలింటికి వెళ్లిపోయింది.

ఏడింటికి గేటు దగ్గర చేతిసంచితో ఒకావిడ నిలబడింది. పులివెందుల నుంచి ఈ ఊరి బడికి బదిలీ అయిన టీచరు సుజాత. రెండు నెలలుగా గది దొరకక తిరుగుతోంది. "ఆ ఇంటోళ్లు శానా పరీక్ష పెడతారు మేడం. ఏం చెప్పినా సరే అనండి" అని నబీ రసూల్ నేర్పించి పంపాడు.

"వచ్చినారా మేడం! మీ కోసమే చూస్తాండా." గౌసియా పేరైనా అడగకుండా చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. "కూర్చోండి. ఫస్టు ఎర్రకారం నూరండి."

"నేనా?"

"మీరే. మిక్సీలో ఏస్తే ఇంగేం మజా?"

సుజాత "సరే" అంది. కళ్లూ ముక్కూ కారుతున్నా నూరింది. ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండింది. తర్వాత గౌసియా వెంట మార్కెట్టుకు వెళ్లి, వంకాయలామెతో గొంతు పోయేదాకా వాదించి, నాలుగు కాయలు కొసరు వేయించుకుంది.

వాళ్లు మార్కెట్లో ఉండగా, ఎర్రగుంట్ల స్టేషన్‌కు ఆలస్యంగా వచ్చిన రైలు దిగి వకుళ ఆటోలో వచ్చింది. అప్పటికి షాహీదాబీ, బ్రోకరు పంపే టీచరమ్మ కోసం ఇంటికి తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని ఉంది.

"గది కోసమేనా?"

"అవునండీ."

"ఎంతమంది?"

"నేనొక్కదాన్నే."

"అందరూ అదే చెప్తారు. మళ్ల తొమ్మిదిమంది దిగుతారు. నీళ్లు ఎక్కువ వాడతావా?"

"మామూలుగానేనండీ."

"మామూలంటే ఎన్ని బక్కెట్లు? గోడకు మేకులు కొడతావా? చుట్టాలొస్తే ఎన్ని దినాలుంటారు?"

వకుళ ముఖం వెలిగిపోయింది. మామూలు బతుకంటే ఇదే కాబోలనుకుంది. మెట్లు ఊడ్చడం వచ్చా అని అడిగితే, చీపురు అందుకుని పై నుంచి కిందిదాకా ఊడ్చి చూపించింది.

ఆఖరి మెట్టు దగ్గర మార్కెట్టు నుంచి వచ్చిన ఇద్దరూ ఎదురయ్యారు.

"ఈమె ఎవురత్తా?" అంది గౌసియా.

"బాడుగకొచ్చిన టీచరమ్మ. నీ పక్కనామె?"

"నా గెస్టు, వకుళ గారు."

"వకుళ నేనండీ" అంది చీపురు పట్టుకున్నావిడ.

"టీచరు నేను" అంది వంకాయల సంచి పట్టుకున్నావిడ.

గౌసియా కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి అతిథిని వచ్చీ రాగానే నిలబెట్టి విచారణ, పైగా చేతికి చీపురు! గది పోయినట్లే.

వకుళ పకపకా నవ్వింది. "ముప్పై ఊళ్లు తిరిగానమ్మా. అందరూ దండం పెట్టి కాఫీ ఇచ్చినవాళ్లే. ఎన్ని బకెట్లని అడిగిన మనిషి లేదు! వచ్చే నెల మా అక్కను పంపిస్తాను. ఆవిణ్ణీ ఇలాగే అడగాలి."

షరతు షరతే. మిద్దె గది గౌసియాకే దక్కింది.

"మరి నా గది?" సుజాత మంటెక్కిన చేతులు ఊదుకుంటూ అడిగింది. "పరీక్షలో ఏం తప్పు చేసినానక్కా?"

షాహీదాబీ పెరట్లోకి వెళ్లి, రోట్లోని కారం వేలితో తీసి నాకి, వెనక్కి వచ్చింది. "కింద సామాన్ల గది ఖాళీ చేపిస్తా. ఇట్ల నూరే మనిషిని యాడికి పంపేది?"

ఆ సాయంత్రమే గౌసియా ఫోనులో ప్రకటన మార్చింది. ఉగ్గాని కంటే పైన 'అత్తగారి విచారణ' చేరింది. ఆ తర్వాత ఆరుగురు వచ్చి, సంతోషంగా వెళ్లారు. షాహీదాబీ మాత్రం ఇంతవరకు ఒక్కరినీ పాసు చేయలేదు.